గాయం కంటపడిన ఆ పది నిమిషాలు: రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, వార్డెన్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలు నడుపుతున్న యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, హాస్టల్ వార్డెన్లకు, ఫ్లోర్ ఇన్‌చార్జులకు నమస్కారం.

ఇంటర్మీడియట్ విద్యార్థులతో మాట్లాడటమే వృత్తిగా ఉన్న కౌన్సెలర్‌ను నేను. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది మీ హాస్టళ్లలో ఉంటున్న పిల్లలు, లేదా మీరు ఇంటికి పంపించేశాక తల్లిదండ్రులు వెంటబెట్టుకు వచ్చిన పిల్లలు. వారిలో కొందరు తమ శరీరాన్ని తామే గాయపరచుకున్నవారు. ఈ లేఖ వారి గురించి. గాయాలు దేనితో, ఎలా చేసుకుంటారన్న వివరాలు ఇందులో రాయను. అవి తెలిసినందువల్ల పెద్దలకు ఒరిగేది లేదు, చదివే పిల్లలకు మాత్రం కీడు జరగవచ్చు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గాయం మీ కంటపడిన మొదటి పది నిమిషాల్లో మీ నోట వచ్చే మాటను బట్టి, ఆ బిడ్డ ఇక ముందు ఏ పెద్దవారి దగ్గరైనా నోరు విప్పుతుందా లేదా అన్నది చాలావరకు తేలిపోతుంది. ఆ పది నిమిషాలూ ఇప్పుడు చాలా హాస్టళ్లలో విచారణకూ శిక్షకూ పోతున్నాయి.

ప్రాణం తీసుకోవాలన్న ఉద్దేశం లేకుండా తనను తాను గాయపరచుకోవడాన్ని మానసిక వైద్యులు ఆత్మహత్యాప్రయత్నం నుంచి వేరుచేసి చూస్తారు. 2013లో అమెరికన్ మనోవైద్య సంఘం ప్రచురించిన డీఎస్ఎం-5 అనే నిర్ధారణ గ్రంథం దీన్ని మరింత అధ్యయనం చేయవలసిన స్థితిగా విడిగా పేర్కొంది. ఇది ఎక్కువగా 12 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతుంది కాబట్టి, మీ కళాశాలలో చేరే నాటికే కొందరు పిల్లలకు ఇది రెండు మూడేళ్ల పాత అలవాటై ఉంటుంది. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి ఒక సమీక్షలో, కౌమార వయసులో ఉన్నవారిలో సుమారు 17 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు ఇలా చేసుకున్నట్టు తేలింది. ఆ నిష్పత్తిని మన హాస్టళ్లకు ఉన్నదున్నట్టుగా వర్తింపజేయలేం. అయినా, నాలుగు వందల మంది ఉండే హాస్టల్‌లో “మా దగ్గర అలాంటి పిల్లలు ఎవరూ లేరండీ” అని ఒక వార్డెన్ అన్నప్పుడు, పిల్లలు ఆయనకు చెప్పుకోవడం లేదని మాత్రమే నాకు అర్థమవుతుంది.

మీ సిబ్బంది నోట నేను తరచుగా వినే మాటలు “నాటకాలు”, “అందరూ తనవైపు చూడాలని”, “ఏదో ప్రేమ వ్యవహారం అయి ఉంటుంది” అన్నవి. అందరూ చూడాలని చేసే పనిని ఎవరూ నెలల తరబడి దాచుకోరు. ఈ పిల్లల్లో చాలామంది రూమ్‌మేట్‌కు కూడా తెలియనివ్వరు. అబ్బాయిల సంగతి మరీ అన్యాయం. కోపంలో గోడను గుద్ది పిడికిలి వాచిన అబ్బాయిని క్రమశిక్షణ రిజిస్టర్‌లో “పొగరు” కింద రాసుకుంటారే తప్ప, అది కూడా తనను తాను గాయపరచుకోవడమేనన్న ఆలోచన ఎవరికీ రాదు. నా దగ్గరికి అమ్మాయిలు ఎక్కువగా, అబ్బాయిలు తక్కువగా రావడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

మరి ఎందుకు చేస్తారు? పిల్లలు నాకు చెప్పే రోజు ఇలా ఉంటుంది. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గాయి. సోమవారం సెక్షన్ మార్చారు. పాత సెక్షన్‌లోని స్నేహితురాలు మెస్‌లో ఎదురుపడినా ఏం మాట్లాడాలో తెలియక తల తిప్పుకుంది. సాయంత్రం ఇంటికి ఫోన్ చేసుకునే వంతు వచ్చేసరికి వెనకాల వరుసలో పది మంది నిలబడి ఉన్నారు. అమ్మ “బాగున్నావా తల్లీ, తింటున్నావా” అనగానే గొంతు పూడుకుపోయింది. వెనక ఉన్నవారు వింటారని “బాగున్నా” అని పెట్టేసింది. తర్వాత రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. తెల్లవారుజామున లేచింది మొదలు అప్పటి దాకా ఒంటరిగా కూర్చుని ఏడవడానికి ఒక్క చోటు లేదు, ఒక్క నిమిషం లేదు. ఆ రోజంతా లోపల పేరుకున్నది భరించరానంతగా బిగుసుకున్నప్పుడు శరీరపు నొప్పి ఆ క్షణానికి ధ్యాసనంతా తనవైపు లాక్కుంటుంది, నొప్పి తగ్గుతున్న కొద్దీ మనసులోని బిగువు కూడా సడలినట్టు అనిపిస్తుంది. ఆ కొద్దిపాటి ఉపశమనమే తర్వాతిసారి కూడా అటే లాగుతుంది. అది ఎక్కువసేపు నిలవదు; వెనకే సిగ్గు, తన మీద తనకు అసహ్యం వచ్చి కూర్చుంటాయి, వాటిని భరించలేక మళ్లీ అదే దారి పడతారు.

అందరిదీ ఇదే కారణం కాదు. కొందరికి లోపల ఏమీ అనిపించని మొద్దుబారినతనం ఉంటుంది, ఏదో ఒకటి అనిపిస్తే చాలనుకుంటారు. మన ఇంటర్ పిల్లల్లో నాకు ఎక్కువగా కనిపించేది మరొకటి, తనకు తాను శిక్ష వేసుకోవడం. “నాన్న అప్పు చేసి ఫీజు కట్టాడు మేడమ్, నాకు మార్కులు రాలేదు, నాకు ఇది కావాల్సిందే” అన్న మాటను వేర్వేరు ఊళ్ల పిల్లల నోట, దాదాపు అవే పదాల్లో విన్నాను. ఈ ఒక్క సంగతి మీరు మనసు పెట్టి ఆలోచించాలని కోరుతున్నాను. తాను శిక్షకు తగినదాన్నని అప్పటికే తీర్పు చెప్పుకున్న బిడ్డను మీరు పిలిచి మళ్లీ శిక్షిస్తే, ఆ తీర్పు సరైనదేనని మీరు ముద్ర వేసినట్టు అవుతుంది.

మీ కార్యాలయాల్లో ఉండే ఒక కాగితం గురించి ఇక్కడ చెప్పాలి. అలాంటివి నాకు తల్లిదండ్రులు తెచ్చి చూపించారు. తెల్ల కాగితం మీద విద్యార్థి స్వదస్తూరితో “నేను ఇకపై ఇలాంటి పని చేయనని, చేసినచో నన్ను కళాశాల నుంచి తొలగించవచ్చునని, జరిగే పరిణామాలకు యాజమాన్యం బాధ్యత వహించదని ఒప్పుకొనుచున్నాను” అని రాసి ఉంటుంది. కింద విద్యార్థి సంతకం, తండ్రి సంతకం, తేదీ. ఆ కాగితం రాయించుకున్న వార్డెన్ కూడా భయంతోనే రాయించుకుని ఉంటారు. జీతం కోసం పనిచేసే మనిషికి రేపు ఏదైనా జరిగితే తన మెడకు చుట్టుకుంటుందన్న భయం ఉంటుంది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ కాగితం వల్ల గాయాలు ఆగవు. మళ్లీ జరిగిన రోజున ఆ బిడ్డ మీ దగ్గరికి రాకుండా మాత్రం అది ఆపుతుంది. కుంటుతున్న మనిషి చేతికర్ర లాక్కుని, ఇకపై కుంటనని రాసివ్వమన్నట్టుంది మన పద్ధతి. చేతికి గాయాలున్న ఫోటోలు తీసి తల్లిదండ్రులకు వాట్సాప్‌లో పంపడం, స్టడీ అవర్‌లో అందరి ముందూ చేతులు చూపించమనడం, మర్నాడే టీసీ ఇచ్చి పంపేయడం కూడా ఇలాంటివే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ స్వీయగాయం విషయంలో శిక్షించే పద్ధతులు వాడకూడదని 2022లో స్పష్టంగా చెప్పింది. మనకు ఆ సంస్థ మాట వినవలసిన నిర్బంధం లేదు. ఆ మాటకు వెనక ఉన్న అనుభవం మాత్రం మన పిల్లలకూ వర్తిస్తుంది.

ఇలా కాకుండా చేసినవారు కూడా మీలోనే ఉన్నారు. ఒక ఫ్లోర్ ఇన్‌చార్జ్ గురించి ఒక విద్యార్థిని నాకు చెప్పింది. గాయం చూడగానే ఆమె “ఎందుకు చేశావ్” అని అడగలేదట. “ముందు ఇది కడుగుదాం రా” అని చేయి పట్టుకుని తీసుకెళ్లి, కుళాయి కింద శుభ్రంగా కడిగి, మందు రాసి, కట్టు కట్టి, ఆ తర్వాత మంచం మీద పక్కన కూర్చుంది. చాలాసేపటికి ఒకటే అడిగింది: “నీకు చచ్చిపోవాలనిపించిందా నాన్నా, లేకపోతే ఈ బాధ కాసేపు ఆగితే చాలనిపించిందా?” ఆ అమ్మాయి బాధ ఆగితే చాలనిపించిందని చెప్పింది. “ఇది నేనొక్కదాన్నే దాచుకోకూడదమ్మా, మేడమ్‌కి చెప్పాలి. చెప్పేటప్పుడు నువ్వు నా పక్కనే ఉండు, ఏం చెప్పాలో ఇద్దరం అనుకుందాం” అని ఆమె అంది. మనస్తత్వశాస్త్రంలో ఏ శిక్షణా లేని మనిషి ఆమె. గాయానికి వైద్యం చేసింది, నేరుగా అడిగింది, అబద్ధపు మాట ఇవ్వలేదు, వెనక నుంచి ఫిర్యాదూ చేయలేదు. ఇంతకన్నా మంచి పాఠం నేను మీ సిబ్బందికి చెప్పలేను.

ఆమె అడిగిన ఆ ప్రశ్న గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది పెద్దలు దానికే జంకుతారు. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని అనుకుంటారు. అలా జరగదు, అడిగినందువల్ల పిల్లల్లో ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి, నా అనుభవంలోనూ అడిగినందుకు ఊపిరి పీల్చుకున్నవారే ఎక్కువ. స్వీయగాయం, ఆత్మహత్యాప్రయత్నం ఒకటి కాకపోయినా, తనను తాను పదేపదే గాయపరచుకునే బిడ్డకు మున్ముందు ఆ ప్రమాదం మిగతావారి కన్నా ఎక్కువే. అందువల్ల తేలిగ్గా కొట్టిపారేయకూడదు, నేరుగా అడగాలి, “అవును, చచ్చిపోవాలనిపిస్తోంది” అని జవాబు వస్తే ఆ రాత్రి ఆ బిడ్డను ఒంటరిగా వదలకూడదు, హాని చేసే వస్తువులు అందుబాటులో లేకుండా చూసి, వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ వస్తువులు తీసేటప్పుడు కూడా రూమంతా సోదా చేసినట్టు కాకుండా, ఎందుకు తీస్తున్నామో ఆ బిడ్డకు చెప్పి తీయండి.

పోలీసు కేసు అవుతుందన్న భయం మీలో ఇంకా ఉంది. చనిపోవాలన్న ఉద్దేశం లేని గాయం ఆత్మహత్యాప్రయత్నం కిందికి రాదు. ఇక ఆత్మహత్యాప్రయత్నం విషయంలో కూడా, 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 115వ సెక్షన్, ఆ మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ చెబుతుంది. వేరుగా రుజువైతే తప్ప అదే వర్తిస్తుంది. పాత భారతీయ శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత 309వ సెక్షన్ లేనే లేదు. కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లడానికి వెనకాడవద్దు.

మీకున్న మరో భయం, ఒకరిని చూసి మరొకరు మొదలుపెడతారన్నది. ఇది నిరాధారమైన భయం కాదు. ఒకే గదిలో, ఒకే ఒత్తిడిలో బతికే ఈ వయసు పిల్లల్లో అది పాకడం నేను చూశాను. కానీ దానికి విరుగుడు ఆ బిడ్డను వెళ్లగొట్టడం కాదు. అసెంబ్లీలో ఈ విషయం ఎత్తకుండా, వివరాలు సిబ్బంది గదిలో కూడా చర్చకు రాకుండా చూడటమే విరుగుడు. దానితో పాటు రూమ్‌మేట్లతో విడిగా మాట్లాడాలి. స్నేహితురాలి రహస్యాన్ని మోస్తూ రాత్రిళ్లు నిద్ర లేకుండా కాపలా కాసే పదహారేళ్ల పిల్లలు మీ హాస్టళ్లలో ఉన్నారు. ఆ భారం వారిది కాదనీ, పెద్దవారికి చెప్పడం స్నేహద్రోహం కాదనీ వారికి మీరే చెప్పాలి. చెప్పినందుకు ఆ స్నేహితురాలికి టీసీ ఇస్తారని తెలిస్తే వారెలా చెబుతారు?

ఇక, గాయం బదులు ఏమి చేయవచ్చన్న విషయానికి వస్తాను. “మానెయ్” అన్న మాట పనిచేయదు, ఎందుకంటే ఆ బిడ్డకు తెలిసిన ఒకే ఒక దారి అది. రెండో దారి చూపించిన తర్వాతే మొదటిది వదలగలరు. ఈ విషయంలో ప్రపంచానికి ఎక్కువ నేర్పిన మనిషి అమెరికన్ మనస్తత్వవేత్త మార్షా లైన్‌హాన్. డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, క్లుప్తంగా డీబీటీ, అనే చికిత్సను రూపొందించింది ఆమే. తాను కూడా యౌవనంలో తనను తాను గాయపరచుకున్నదాన్నేననీ, 17 ఏళ్ల వయసులో మానసిక చికిత్సాలయంలో ఉన్నాననీ 2011లో ఆమె బహిరంగంగా చెప్పారు. కౌమార వయసు వారికి అనువుగా మలచిన డీబీటీ, పదేపదే గాయపరచుకునే పిల్లల విషయంలో గట్టి ఆధారాలున్న చికిత్స. అది నిపుణులు చేయవలసినది. అయితే అందులోని కొన్ని మెళకువలు ఏ వార్డెన్ అయినా నేర్చుకుని నేర్పించగలిగినవే.

ఆ కోరిక అలాగే పెరుగుతూ పోదు, ఒక స్థాయికి చేరి తగ్గుతుంది అన్నది పిల్లలకు ముందుగా తెలియాలి. తెలియనప్పుడు, ఇప్పుడు చేయకపోతే పిచ్చెక్కుతుందని నమ్ముతారు. కాబట్టి “పదిహేను నిమిషాలు ఆగు, ఆ తర్వాత చూద్దాం” అనడం “జన్మలో చేయకు” అనడం కన్నా సాధ్యమైన మాట. ఆ పదిహేను నిమిషాల్లో చేయడానికి ఏదో ఒకటి కావాలి. చల్లటి నీళ్లతో ముఖం కడుక్కుని, తడి తువ్వాలు కాసేపు కళ్లకూ బుగ్గలకూ అదిమిపెట్టుకుంటే గుండె వేగం నెమ్మదిస్తుంది. ఇది మన శరీరంలో సహజంగా ఉన్న ఏర్పాటే. గాలి పీల్చిన దానికన్నా ఎక్కువసేపు వదలడం, నాలుగు లెక్కపెడుతూ పీల్చి ఆరేడు లెక్కపెడుతూ వదలడం, కొన్ని నిమిషాలు చేస్తే శరీరం బిగువు సడలుతుంది. మెట్లెక్కి దిగడం, వేగంగా నడవడం కోపం నిండిన పిల్లలకు బాగా పనికొస్తాయి. ఏమనిపిస్తోందో కాగితం మీద రాసి ఎవరికీ చూపించకుండా చింపేయడం, మాటలు రానప్పుడు పిచ్చిగీతలు గీయడం, ఏడుపు వస్తే ఏడవడం కూడా చిన్నవి కావు. నొప్పి కలిగించే మరో పనిని బదులుగా చూపించవద్దని మాత్రం నా విన్నపం. అలాంటి సలహాలు ప్రచారంలో ఉన్నా, నొప్పితోనే బాధ తగ్గుతుందన్న పాఠాన్నే అవి మళ్లీ నేర్పుతాయి.

ఇవన్నీ ఒకసారి చెప్పగానే పట్టుబడవు. మనసు కుదుటగా ఉన్న రోజున సాధన చేస్తేనే కష్టం వచ్చిన రోజున గుర్తొస్తాయి. మధ్యలో మళ్లీ గాయం జరగవచ్చు. జరిగితే ఇంతకాలం చేసిందంతా వృథా అయిందని ఆ బిడ్డ అనుకోకుండా చూడాలి. నెలకు అయిదుసార్లు జరిగేది రెండుసార్లకు తగ్గితే నేను దాన్ని ఆ బిడ్డ సాధించిన పనిగానే లెక్కవేస్తాను. ఇంకొక సంగతి, మీకు కష్టంగా అనిపించినా రాస్తున్నాను. నడవమని నేను చెబుతాను. రాత్రి ఎనిమిదింటికి స్టడీ అవర్‌లో కూర్చున్న పిల్ల నడవడానికి లేస్తే ఎక్కడికని గద్దిస్తారు. ముఖం కడుక్కురమ్మంటాను, బాత్రూమ్‌కు వెళ్లడానికి కూడా అనుమతి చీటీ కావాలంటారు. నిద్ర చాలని పిల్లకు ఏ మెళకువా అంటదు. వీటికి చోటు ఇవ్వని టైమ్‌టేబుల్ కింద ఏ కౌన్సెలర్ చేయగలిగినదైనా సగమే.

తల్లిదండ్రులకు చెప్పాలా అంటే, మైనర్ పిల్లల విషయంలో చెప్పక తప్పదు. ఆ సంగతి ముందుగా ఆ బిడ్డకు తెలియాలి, ఏ మాటలతో చెబుతారో తెలియాలి. “వచ్చి మీ అమ్మాయిని తీసుకుపోండి” అనే ఫోన్ అందుకున్న తండ్రి నాలుగు గంటలు బస్సులో భయపడుతూ వచ్చి, గేటు దగ్గర మొదట అనే మాట “నీకేం తక్కువ చేశామే?” అన్నదే అవుతుంది. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనను ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి, మీ అమ్మాయి ఒక కష్టాన్ని మోస్తోంది, మందలించే సమయం కాదు, డాక్టరుకు చూపిద్దాం అని మీరు నిమ్మళంగా చెబితే ఆ మొదటి మాట మారుతుంది. ఎక్కడ చూపించాలో కూడా చెప్పండి: హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి.

2025 జూలై 25న, విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు జారీ చేసింది. చట్టం వచ్చేదాకా వాటిని పాటించి తీరాలి. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత కలిగిన కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సామాజిక కార్యకర్త ఉండాలనీ, బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలనీ, స్వీయగాయం విషయంలో ఎలా స్పందించాలన్నది కూడా ఆ శిక్షణలో ఉండాలనీ, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందూ అవమానించడం వీలైనంతవరకు మానాలనీ అందులో ఉంది. మీ ఊళ్లో తెలుగు లెక్చరర్‌కో పీడీకో అదనపు బాధ్యతగా “కౌన్సెలర్” అని పేరు పెట్టడం దీన్ని పాటించినట్టు కాదు.

హెల్ప్‌లైన్ నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలని కూడా ఆ తీర్పు చెప్పింది. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ పోస్టరు కొన్ని హాస్టళ్ల గోడల మీద నేను చూశాను. కానీ మీ హాస్టళ్లలో పిల్లల దగ్గర ఫోన్ ఉండదు. ఉన్న ఒక్క ఫోన్ వార్డెన్ బల్ల మీద ఉంటుంది, ఎవరికి చేస్తున్నావని అడిగాకే చేతికిస్తారు. కాబట్టి ప్రతి హాస్టల్ బ్లాకులో, తలుపు మూసుకోగలిగే ఒక చిన్న గదిలో, 14416కు మాత్రమే కలిసే ఫోన్ ఒకటి పెట్టించండి. ఎవరి అనుమతీ అడగకుండా, ఏ రిజిస్టర్‌లోనూ పేరు రాయకుండా, స్టడీ అవర్ మధ్యలో కూడా లేచి వెళ్లవచ్చని మొదటి సంవత్సరం పిల్లలు చేరిన వారంలోనే చెప్పండి. దీనికయ్యే ఖర్చు మీరు ర్యాంకుల ప్రకటనకు పెట్టేదానిలో ఏ మూలకూ రాదు. ఆ నంబరుకు మీ వార్డెన్లు కూడా ఫోన్ చేయవచ్చు. ఎదురుగా కూర్చున్న బిడ్డతో ఏం మాట్లాడాలో తోచని రాత్రి, పక్కన మరో పెద్ద గొంతు ఉండటం వారికీ అవసరమే.

ఇట్లు,
ఇంటర్మీడియట్ విద్యార్థుల కౌన్సెలర్ ఒకరు